తాళం చెవి

మన భాషలో తాళానికి నోరు లేదు, చెవి ఉంది.
ఆ సంగతి నాకు హల్ పట్నంలో
ఫిబ్రవరి వానలో, ఒక ఫోన్ డబ్బాలో తెలిసొచ్చింది.

ఈ ఊళ్ళో ఫోన్ డబ్బాలు ఎర్రగా ఉండవు. మీగడ రంగు.
ఎందుకని అడిగితే గ్లెనిస్
"మాది మాకే ఉంటుంది" అని భుజాలెగరేస్తుంది.
ముప్పై నాలుగేళ్ళు టెలెక్స్ కొట్టిన మనిషి.
ఇప్పుడు నా ఎదుటి బల్ల.
జీతం అందని ఓడ పనివాళ్ళ కాయితాలు
మా ఇద్దరి చేతుల మీదుగా లాయరుకి వెళ్తాయి.

తదేవుష్ ఓడలో వంటవాడు.
రేవుకొచ్చిన రోజు, టీ పొట్లం అట్ట చింపి
ముక్కొకటి నా ముందు పెట్టాడు.
దాని మీద నలభై అక్షరాలు, నాలుగేసి చొప్పున,
అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా.
"ఇది నా తాళానికి వేలిముద్ర.
నాకు రాసేముందు దీన్ని చూసి రాయి."

సంతకం రానివాళ్ళు వేసేది వేలిముద్ర.
ఇక్కడ తిరగబడింది:
ముద్ర వేసింది యంత్రం,
చదవడం రానిది నాకు.

సోమవారం. పదకొండు పేజీల వాంగ్మూలం,
ఏడుగురి పేర్లు. సరిచూడమని అతనికి పంపాలి.
డైరెక్టరీలో అతని పేరున రెండు తాళాలు.
అక్కడ తాళం వేలాడదీసేవాణ్ణి
నువ్వెవరని ఎవరూ అడగరు.
కాపలా లేని గోడ, ఏ పేరైనా రాసుకోవచ్చు.
కొత్తది తీసుకున్నాను, కొత్తది కదా అని.
చివరి ఎనిమిది అక్షరాలు అట్టముక్కతో పోల్చాను.
కలిశాయి.
టీ చల్లారిపోతోంది. మీట నొక్కాను.
పచ్చటి టిక్కు పడింది,
ఏదీ చదవకుండా తలూపే గుమాస్తాలా.

"మొత్తం చదివావా?" కళ్ళజోడు పైనించి గ్లెనిస్.
"చివర కలిసింది."
"చివర ఎవరిదైనా కలుస్తుంది, తీరిగ్గా కూర్చుంటే.
అదే తోక వచ్చేదాకా తాళాలు పోతపోస్తూ పోవడమే.
యంత్రానికి విసుగేముంది?"
ఓడ పేరులో ఒక్క అక్షరం తప్పి
నాలుగొందల టన్నుల కలప ఇంకో రేవుకి పోయిందట
ఆవిడ రోజుల్లో. ఆ కథ పూర్తిగా వినలేదు.

ఆఫీసు ఫోను మీద నమ్మకం చాలక
చిల్లర గుప్పిట పట్టి వీధి చివరికి పరిగెత్తాను.
ఓడ రాటర్‌డామ్‌లో ఉంది.
ఆరుసార్లు మోగాక ఒక దగ్గు వినిపించింది.
"చదువు" అన్నాడు.

తడిసిన కాయితాన్ని అద్దానికి ఆనించి
"తొమ్మిది, సి, సున్నా, నాలుగు" అన్నాను.
అవతల చప్పుడు లేదు.
ఇవతల నాణెం లోపలికి జారింది.
"మళ్ళీ."
"తొమ్మిది, సి..."
"అది నేను కాదు."

అది నేను కాదు.
ఒక మనిషి తన గురించి ఇంత తేటగా చెప్పడం
నేను అంతకుముందు వినలేదు.

ముప్పై రెండు అక్షరాలు చూడలేదు నేను.
ముఖం చూడకుండా మడమలు చూసి
బాగున్నావా అని పలకరించాను.
తాళం మంచిదే. ఎవరూ విరగ్గొట్టలేదు.
నేనే శ్రద్ధగా బిగించి, రెండుసార్లు లాగి చూసి,
పెట్టెను దొంగ గుమ్మంలో దింపి వచ్చాను.

గురువారం ఏడుగురిలో ఇద్దర్ని ఓడ దింపేశారు.
సిబ్బంది తగ్గింపు అన్నారు.
కావచ్చు.

ఇప్పుడు గ్లెనిస్ స్కేలు పెట్టి చదువుతుంది,
నేను పెన్సిల్‌తో ఒక్కొక్కటీ కొట్టేస్తాను,
నలభై. టీ చల్లారినా సరే.

నెల తర్వాత అదే డబ్బాలో, అదే వానలో
తదేవుష్ అడిగాడు:
"సరే, మాట్లాడేది నేనేనని నీకెలా తెలుసు?"
"నీ దగ్గు" అన్నాను.
నవ్వాడు. నవ్వు దగ్గయింది.
ఫోను పెట్టేశాడు.

నేను పెట్టలేదు.
దగ్గు అదేనా, కాస్త పొట్టిగా ఉందా అని
ఉత్త గీతమోత వినిపిస్తున్నా
రిసీవరు చెవికి అలాగే ఆనించుకుని.